పేటెంట్ చేతిలో ఉన్నా సంతకం దగ్గరే నష్టం

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో గార్డ్‌నర్ అనే చిన్న ఊరు. అక్కడి సియర్స్ అనే కంపెనీ దుకాణంలో పీటర్ రాబర్ట్స్ అనే 18 ఏళ్ల కుర్రాడు గుమాస్తాగా పనిచేసేవాడు. 1963లో, పని లేని వేళల్లో, అతను ఒక సాకెట్ పానాను సవరించాడు. మామూలు సాకెట్ పానాకు తల దగ్గర చిన్న ఉక్కు గుండు ఉంటుంది. అది సాకెట్ (నట్టుకు తొడిగే గొట్టం లాంటి ముక్క) లోపలి గుంటలో కూర్చుని పట్టు ఇస్తుంది. సాకెట్ మార్చాల్సి వచ్చినప్పుడు ఆ పట్టే ఇబ్బంది పెడుతుంది. చేతులకు గ్రీజు ఉంటే జారుతుంది, రెండు చేతులూ పెట్టి లాగాలి. రాబర్ట్స్ పానా తల వెనక ఒక బటన్ పెట్టాడు. బొటనవేలితో నొక్కితే గుండు లోపలికి తప్పుకుంటుంది, సాకెట్ ఊడి వచ్చేస్తుంది. ఒక్క చేత్తో పని అయిపోతుంది.

1964లో పేటెంట్‌కు దరఖాస్తు చేశాడు. దుకాణం మేనేజరు ప్రోత్సాహంతో నమూనాను కంపెనీ ప్రధాన కార్యాలయానికి పంపాడు. మరుసటి ఏడాది కంపెనీయే కబురు పెట్టి హక్కులు కొంటామంది. బేరం దగ్గర మాత్రం మాట మార్చింది. ఇందులో పెద్ద కొత్తదనం లేదంది. ఒక్కో పానాకు 40-50 సెంట్లు అదనంగా ఖర్చవుతుందంది. గట్టిగా ప్రచారం చేస్తే తప్ప అమ్ముడుపోదంది. 1965 జూలైలో ఒప్పందం కుదిరింది: ఒక్కో పానాకు 2 సెంట్లు, అదీ మొత్తం 10,000 డాలర్లు మించకుండా. బదులుగా హక్కులన్నీ కంపెనీకి.

అదనపు ఖర్చు 20 సెంట్లేనని కంపెనీకి అప్పటికే తెలుసు. సంతకాలైన కొద్ది రోజులకే వారానికి 44,000 పానాల చొప్పున తయారీ నడుస్తోంది. తొమ్మిది నెలల్లో 5 లక్షల పానాలు అమ్ముడుపోయాయి, రాబర్ట్స్‌కు రావాల్సిన 10,000 డాలర్లు ముట్టాయి. అక్కడితో అతని లెక్క ముగిసింది. కంపెనీ లెక్క ముగియలేదు. 1975 నాటికి ఆ బటన్ ఉన్న పానాలు 1.9 కోట్లకు పైగా అమ్మింది. రాబర్ట్స్ 1969లో కోర్టుకెక్కాడు. కంపెనీ మోసపూరితంగా హక్కులు రాయించుకుందని 1977లో జ్యూరీ తేల్చి 10 లక్షల డాలర్లు ఇప్పించింది, మరుసటి ఏడాది అప్పీలు కోర్టూ సమర్థించింది. పేటెంట్ తిరిగి తన చేతికి తెచ్చుకుని అతను మరో దావా నడిపాడు. అది 1989లో రాజీతో ముగిసింది. 18 ఏళ్లకు చేసిన పని 40 దాటాక గానీ కొలిక్కి రాలేదు.

ఈ కేసులో గమనించాల్సింది ఒకటుంది. రాబర్ట్స్ ఆలోచనను ఎవరూ రాత్రికి రాత్రి ఎత్తుకుపోలేదు. అతను ముందే దరఖాస్తు చేశాడు, కంపెనీ పిలిచి మాట్లాడింది, అతని తరఫున లాయరు కూడా ఉన్నాడు. నష్టమంతా సంతకం పెట్టిన కాగితంలో జరిగింది. కొత్త వస్తువు తయారుచేసిన ప్రతి ఒక్కరికీ ఉండే మొదటి టెన్షన్ ‘ఐడియా ఎవరైనా కొట్టేస్తారేమో’ అని. ఆ భయం సహజమే, దానికి మందు కూడా ఉంది. కానీ భయమంతా దొంగతనం మీదే పెట్టుకుని, బేరం దగ్గరికి వచ్చేసరికి ఎదుటివాళ్లు చెప్పిన అంకెను నమ్మేయడం ఎక్కువ ప్రమాదం. ఆ వస్తువుకు ఎంత ఖర్చవుతుందో, ఎన్ని అమ్ముడుపోతాయో తయారీదారుకు తెలుసు. కనిపెట్టినవాళ్లకు తెలియదు. ఈ తేడాను లెక్కలోకి తీసుకుని రాసుకున్న ఒప్పందమే నిలుస్తుంది.

అమ్మేది ఆలోచనను కాదు

ఆలోచనకు పేటెంట్ రాదు. ‘సాకెట్ ఒక్క చేత్తో ఊడి వస్తే బాగుండు’ అన్నది కోరిక. గుండు, దాన్ని తోసే పిన్ను, పిన్నును నడిపే బటన్, ఇవి ఎలా అమరాయో రాస్తే అది ఆవిష్కరణ. భారత పేటెంట్ల చట్టం, 1970 ప్రకారం ఆవిష్కరణ కొత్తదై ఉండాలి, ఆ రంగంలో పని తెలిసినవాళ్లకు ఇట్టే తట్టనిదై ఉండాలి, పరిశ్రమలో వాడడానికి పనికిరావాలి. రెండో షరతు దగ్గరే చాలా దరఖాస్తులు చిక్కుకుంటాయి.

దీనిపై మన సుప్రీంకోర్టు 1978 డిసెంబరులో ఇచ్చిన తీర్పును ఇప్పటికీ అందరూ ఉటంకిస్తారు. ఉత్తరప్రదేశ్‌లోని మీర్జాపూర్ ఇత్తడి పాత్రలకు పేరున్న ఊరు. అక్కడ పాత్రను లేత్ మెషిన్ మీద తిప్పి చెక్కడానికి ముందు లక్కలాంటి పదార్థంతో అంటించేవారు. ఆ పద్ధతిలో పని నెమ్మదిగా సాగేది, తిరిగే పాత్ర ఎగిరిపడే ప్రమాదమూ ఉండేది. హిందుస్థాన్ మెటల్ ఇండస్ట్రీస్ అనే సంస్థ పాత్రను పట్టి ఉంచే వేరే ఏర్పాటుకు 1950ల మొదట్లో పేటెంట్ తీసుకుంది. అదే ఊళ్లోని మరో తయారీదారు ఆ పద్ధతి వాడడంతో గొడవ మొదలైంది. పాతికేళ్ల తర్వాత సుప్రీంకోర్టు ఆ పేటెంట్ చెల్లదంది. ఉన్న యంత్రానికి పని తెలిసిన మేస్త్రీ ఎవరైనా చేసుకునే చిన్న మార్పు అదని, వర్క్‌షాపు స్థాయి సవరణకు గుత్తహక్కు ఇవ్వడం కుదరదని తేల్చింది. పేటెంట్ కార్యాలయం ఇచ్చిన పత్రం చేతిలో ఉన్నంత మాత్రాన అది కోర్టులో నిలబడుతుందన్న హామీ లేదని కూడా ఆ తీర్పు వల్ల స్పష్టమైంది. కొనే కంపెనీ లాయర్లకు ఈ సంగతి బాగా తెలుసు. బేరం తగ్గించడానికి వాళ్లు మొదట ఎత్తేది ఇదే.

చట్టంలోని సెక్షన్ 3లో పేటెంట్ ఇవ్వని వాటి జాబితా ఉంది. తెలిసిన పరికరాలను పక్కపక్కన పెట్టి, ఒక్కొక్కటీ తన పాత పని తాను చేసుకునేలా అమర్చితే ఇవ్వరు. వ్యవసాయ పద్ధతులకు ఇవ్వరు. మొక్కల మధ్య ఎంత ఎడం ఉంచాలన్న పద్ధతికి రాదు, ఆ ఎడంతో విత్తే యంత్రానికి రావచ్చు. వ్యాపార పద్ధతులకు, ఉట్టి కంప్యూటర్ ప్రోగ్రామ్‌కు, సంప్రదాయ జ్ఞానానికి కూడా ఇవ్వరు. అందుకే మొబైల్ యాప్ ఐడియా పట్టుకుని ‘పేటెంట్ చేయించాలి’ అని తిరిగేవాళ్లలో చాలామందికి అక్కడే దారి మూసుకుపోతుంది. చిన్నచిన్న సవరణల కోసం కొన్ని దేశాల్లో యుటిలిటీ మోడల్ అనే తేలికపాటి హక్కు ఉంది. జర్మనీలో ఉంది, చైనాలో ఉంది, మన దగ్గర లేదు. చిన్న పరికరాలు తయారుచేసే మన మెకానిక్కులకు, రైతులకు ఇది పెద్ద లోటే.

వస్తువు పనితీరు కన్నా రూపమే కొత్తదైతే డిజైన్ చట్టం, 2000 కింద నమోదు చేయించుకోవచ్చు. 10 ఏళ్ల రక్షణ, మరో 5 ఏళ్లు పొడిగింపు. సీసా ఆకారం, ఫ్యాన్ రూపం, కుర్చీ వంపు లాంటి వాటికి పేటెంట్ కోసం పాకులాడేకంటే ఇదే మేలు, ఖర్చూ తక్కువ.

పేటెంట్ వచ్చే వస్తువే అనుకుందాం. అప్పుడు అమ్మకానికి పెట్టేది ఏమిటి? దరఖాస్తు చివర అంకెలు వేసి రాసే క్లెయిములు. అవే ఆ హక్కుకు గట్లు. గట్టు ఎక్కడ వేశారో అంతవరకే పొలం. బటన్ పానా ఉదాహరణే చూద్దాం. క్లెయిములో ‘ఉక్కు స్ప్రింగు వల్ల బటన్ వెనక్కి వస్తుంది’ అని రాస్తే, పోటీదారు స్ప్రింగు బదులు రబ్బరు ముక్క పెట్టి బయటపడే ప్రయత్నం చేస్తాడు. ‘బటన్‌ను వెనక్కి నెట్టే సాగుడు సాధనం’ అని రాస్తే రబ్బరు కూడా లోపలికే వస్తుంది. మరీ విశాలంగా రాస్తే పాత పేటెంట్ ఏదో ఒకటి అడ్డొచ్చి మొత్తం పోతుంది. ఈ కొలత తెలిసి రాసేవాళ్లు పేటెంట్ ఏజెంట్లు. ప్రభుత్వం పరీక్ష పెట్టి వాళ్లను నమోదు చేస్తుంది. ఖర్చు తగ్గించుకోవాలంటే వేరే ఎక్కడైనా తగ్గించుకోవచ్చు, క్లెయిముల రాత దగ్గర మాత్రం వద్దు. తయారీదారు డబ్బు ఇచ్చేది ఆ నాలుగు వాక్యాలకే.

ఏజెంటు దగ్గరికి వెళ్లే ముందు సొంతంగా వెతకడం అవసరం. భారత పేటెంట్ కార్యాలయం వెబ్‌సైట్‌లో వెతుకులాట ఉచితం. యూరప్ పేటెంట్ కార్యాలయం వాళ్ల ఎస్పాసెనెట్, గూగుల్ పేటెంట్స్ కూడా ఉచితమే. వస్తువు పేరుతో వెతికితే సగమే దొరుకుతుంది. అది చేసే పనిని రకరకాలుగా రాసి వెతకాలి. ముందే ఎవరో చేసేశారని తెలిస్తే మనసు చివుక్కుమంటుంది, కానీ ఆ పాత పత్రం చదివాక మిగిలిన కొత్తదనం ఎక్కడుందో కూడా తెలుస్తుంది. చాలా మంచి దరఖాస్తులు అలా పుట్టినవే.

గడియారం ఎప్పుడు మొదలవుతుంది

ఆవిష్కరణ పూర్తిగా తయారు కాకముందే ప్రొవిజనల్ దరఖాస్తు వేయవచ్చు. ఆ రోజే ప్రాధాన్య తేదీ. అదే వస్తువు మీద తర్వాత ఎవరు దరఖాస్తు చేసినా వెనకబడతారు. అప్పటి నుంచి 12 నెలల్లో పూర్తి స్పెసిఫికేషన్, అంటే ఆవిష్కరణ పూర్తి వివరణ, వేయాలి. వేయకపోతే దరఖాస్తు వదులుకున్నట్టే. వ్యక్తులకు, స్టార్టప్‌లకు, చిన్న సంస్థలకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు రుసుము రూ.1,600. దరఖాస్తును కార్యాలయం పరీక్షించాలని కోరుతూ వేసే అర్జీకి రూ.4,000. ఈ అర్జీ ప్రాధాన్య తేదీ నుంచి 31 నెలల్లోపు వేయాలి. 2024 మార్చి సవరణకు ముందు 48 నెలల గడువు ఉండేది, పాత సమాచారం నమ్ముకుని ఆలస్యం చేస్తే దరఖాస్తు పోతుంది. దరఖాస్తుదారుల్లో మహిళ ఉంటే, స్టార్టప్ అయితే, త్వరిత పరీక్ష కోరవచ్చు. వ్యక్తులకు దాని రుసుము రూ.8,000. పేటెంట్ వచ్చాక, దరఖాస్తు తేదీ నుంచి లెక్కేసిన మూడో ఏడాది మొదలుకొని ఏటా రుసుము కట్టాలి. వ్యక్తులకు మొదట్లో రూ.800, పోనుపోను పెరిగి చివరి ఐదేళ్లలో ఏడాదికి రూ.8,000. దరఖాస్తు తేదీ నుంచి మొత్తం 20 ఏళ్లు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాళ్ల దరఖాస్తులు చెన్నై కార్యాలయం పరిధిలోకి వస్తాయి.

అంటే సర్కారుకు కట్టేది పెద్ద మొత్తం కాదు. ఏజెంటు ఫీజు దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. స్టార్టప్‌గా నమోదైతే ఫెసిలిటేటర్ల, అంటే దరఖాస్తు పనిలో సాయపడే నిపుణుల, ఫీజును ప్రభుత్వమే భరించే పథకం ఉంది. బడి చదువు లేనివాళ్లు, గ్రామాల్లో సొంతంగా పరికరాలు చేసేవాళ్లకు గుజరాత్‌లోని నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ పేటెంట్ల విషయంలో తోడ్పడుతుంది.

ఆ 12 నెలలు చాలా విలువైనవి. నమూనా మెరుగుపరచడం, తయారీదారులను కలవడం, ఎవరికైనా ఆసక్తి ఉందో లేదో చూడడం, అన్నీ అందులోనే. విదేశాల్లో కూడా హక్కు కావాలంటే ఆ గడువులోనే తేల్చుకోవాలి. ఇక్కడ ఉంటూ ముందుగా విదేశంలో దరఖాస్తు వేయాలంటే సెక్షన్ 39 కింద అనుమతి తీసుకోవాలి. లేదా ఇక్కడ వేసి ఆరు వారాలు ఆగాలి. అమెరికాలో ఉన్న అన్నయ్య పేరు మీద అక్కడ వేసేద్దామనుకునే కుటుంబాలకు ఈ నిబంధన తెలియదు. ఉల్లంఘిస్తే ఇక్కడి దరఖాస్తు పోతుంది, శిక్ష కూడా ఉంది.

దరఖాస్తుకు ముందు నోరు విప్పితే ఏమవుతుంది? అమెరికాలో ఆవిష్కర్త స్వయంగా బయటపెట్టినా ఏడాది వెసులుబాటు ఉంది. మన చట్టంలో అంత వెసులుబాటు లేదు. ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటించిన ప్రదర్శనలో పెట్టి 12 నెలల్లో దరఖాస్తు చేస్తే మినహాయింపు, ఇంకా ఒకటి రెండు ఇరుకు సందులు, అంతే. యూట్యూబ్‌లో వీడియో పెట్టడం, కాలేజీ ఫెస్ట్‌లో స్టాల్ పెట్టడం, పేపరులో ఫొటోతో వార్త రావడం, ఇవన్నీ కొత్తదనాన్ని చంపేస్తాయి. ‘గ్రామీణ మేధావి’ అంటూ జిల్లా పేజీలో కథనం వచ్చిన సంతోషం ఆ ఇంట్లో ఉంటుంది, కానీ అదే కథనం రేపు ఆ మనిషి దరఖాస్తుకు ఎదురు సాక్ష్యం అవుతుంది. విలేకరులు కూడా ఒక్క ప్రశ్న అడిగితే బాగుంటుంది: దరఖాస్తు వేశారా?

కాలేజీ విద్యార్థులకు, ఉద్యోగులకు మరో చిక్కు ఉంది. ఉద్యోగి ఆవిష్కరణ ఎవరిదో మన పేటెంట్ చట్టం నేరుగా చెప్పదు. నియామకపు కాగితాల్లో, సంస్థ నిబంధనల్లో ఏముందో అదే వర్తిస్తుంది. కాలేజీ ల్యాబులో చేసిన ప్రాజెక్టుపై హక్కు కాలేజీదని రాసుకున్న సంస్థలు చాలా ఉన్నాయి. కొనే కంపెనీ మొదట అడిగేది ‘ఇది మీ ఒక్కరిదేనా?’ అని. ఇద్దరు స్నేహితుల పేర్ల మీద పేటెంట్ ఉంటే, రెండోవాళ్ల అంగీకారం లేకుండా ఒకరు లైసెన్స్ ఇవ్వలేరు, వాటా అమ్మలేరు. స్నేహం చెడితే పేటెంట్ కదలదు.

చూపించడం

నిజానికి గుట్టు మొదట బయటపడేది పెద్ద కంపెనీ దగ్గర కాదు, నమూనా చేయించే చోట. బాలానగర్‌లో డై చేసేవాళ్లకు, చర్లపల్లిలో ప్లాస్టిక్ మౌల్డింగ్ చేసేవాళ్లకు, విజయవాడ ఆటోనగర్‌లో లేత్ పట్టేవాళ్లకు డ్రాయింగు ఇవ్వక తప్పదు. వాళ్లు పది మందికి పని చేస్తారు, గోప్యత ఒప్పందం మీద సంతకం పెట్టమంటే విసుక్కుంటారు. వాళ్లను తప్పుపట్టడానికి లేదు, రెండు వేల రూపాయల జాబ్‌వర్కుకు కోర్టు కాగితాలెవరు చదువుతారు? అందుకే ప్రొవిజనల్ ముందు వేసి తర్వాత వర్క్‌షాపు మెట్లెక్కాలి. రెండు భాగాలుంటే రెండు చోట్ల చేయించి ఇంట్లో బిగించుకునేవాళ్లూ ఉన్నారు. హైదరాబాద్ రాయదుర్గంలో 2023 మార్చిలో మొదలైన టీ-వర్క్స్ లాంటి చోట్ల నమూనాలు చేయించుకునే వీలు ఇప్పుడు ఉంది.

తయారీ కంపెనీల దగ్గర గోప్యత ఒప్పందం, అందరూ ఎన్‌డీఏ అనేది, అడగడంలో తప్పు లేదు. అది ఎంతవరకు ఆదుకుంటుందో 1987లో ఢిల్లీ హైకోర్టు తీర్పులో కనిపిస్తుంది. జాన్ రిచర్డ్ బ్రాడీ అనే ఆవిష్కర్త ఏడాది పొడవునా పచ్చగడ్డి పెంచే యూనిట్ ఒకటి తయారుచేశాడు. దానికి కావలసిన థర్మల్ ప్యానెళ్లు సరఫరా చేస్తామని ఒక కంపెనీ ముందుకొచ్చింది. దాంతో డ్రాయింగులు, సాంకేతిక వివరాలు గోప్యంగా ఉంచాలన్న షరతు మీద ఇచ్చారు. ఆర్డరు మాత్రం కుదరలేదు. కొంతకాలానికి అదే కంపెనీ అలాంటి యంత్రాన్నే తయారుచేసి బయటపెట్టింది. డ్రాయింగుల కాపీరైట్, నమ్మి చెప్పిన సమాచారం అన్న రెండు ఆధారాల మీద కోర్టు ఆ కంపెనీని నిలువరించింది. బ్రాడీకి పనికొచ్చింది ఏమిటంటే, ఏ కాగితం ఎవరికి ఏ షరతు మీద ఇచ్చారో చూపించగలగడం. మాటామంతీలో చెప్పేసి వచ్చినవాళ్లకు ఆ అవకాశం ఉండదు. ఏ రోజు ఎవరిని కలిశాం, ఏం చూపించాం అన్నది ఆ సాయంత్రమే ఒక ఈమెయిల్ రాసి వాళ్లకే పంపడం చిన్న పని, తర్వాత చాలా పెద్ద సాక్ష్యం.

పెద్ద కంపెనీల తీరు వేరు. బయటివాళ్ల ఆలోచనలు తీసుకునే ముందు ‘ఇది గోప్యమని మేం ఒప్పుకోవడం లేదు, మీ హక్కు పేటెంట్ వరకే’ అని రాసిన ఫారం మీద సంతకం అడిగేవి చాలా ఉంటాయి. వాళ్ల పరిశోధన విభాగంలో అలాంటిదే ముందే నడుస్తుండవచ్చు, రేపు కేసు పడకుండా వాళ్ల జాగ్రత్త అది. ఆ ఫారం నింపేవాళ్లు దరఖాస్తులో రాసినది మాత్రమే చూపించాలి. రాయని కిటుకు, కొలత, రసాయనం పాళ్లు నోటి వెంట రాకూడదు.

తయారీదారుకు కావలసింది ఆలోచన కన్నా నమ్మకం: పని చేసే నమూనా, ఒక్కోటి తయారవడానికి అయ్యే ఖర్చు అంచనా, డైకి ఎంత అవుతుంది, ఏ దుకాణంలో ఏ ధరకు పోతుంది. ఈ నాలుగూ ఎంత గట్టిగా ఉంటే ఆవిష్కర్త మాటకు అంత బరువు. అందులోనూ ఖర్చు అంచనా. రాబర్ట్స్ దగ్గర ఆ ఒక్క అంకె ఉండి ఉంటే, 20 సెంట్లను 50 అని చెప్పడం కుదిరేది కాదు. బాలానగర్‌లో ముగ్గురి దగ్గర కొటేషన్ తీసుకోవడం రెండు రోజుల పని.

అందరికీ తయారీదారే దారి కాదు. చింతకింది మల్లేశం ఆసు యంత్రం చూడండి. చీరకు ఆసు పోయడానికి (నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ చేత్తో తిప్పడానికి) తల్లి పడే అవస్థ చూసి, ఆరో తరగతితో చదువు ఆగిపోయిన ఆయన 1999లో ఆ యంత్రం పూర్తిచేసి అమ్మ పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. పోచంపల్లి చుట్టుపక్కల నేతన్నలకు అది పెద్ద ఊరట. కానీ దేశమంతా లక్షల్లో అమ్ముడయ్యే వస్తువు కాదు కాబట్టి పెద్ద కంపెనీలకు అందులో లాభం కనపడదు. అలాంటి చోట ఆవిష్కర్తే చిన్న షెడ్డులో తయారుచేసి అమ్ముకోవడం మేలు.

‘మీ ఐడియాను మేమే అమ్మిపెడతాం, ముందు ఫీజు కట్టండి’ అనే సంస్థల విషయంలో మాత్రం ఆలోచించాల్సిందే లేదు. అమెరికాలో వరల్డ్ పేటెంట్ మార్కెటింగ్ అనే సంస్థ ఇలాగే వేల డాలర్లు వసూలు చేసింది. 2017లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దాన్ని మూయించింది. 2018లో దాని అధిపతిపై దాదాపు 2.6 కోట్ల డాలర్ల తీర్పు నమోదై, ఆ వ్యాపారం చేయకుండా నిషేధం పడింది. నిజంగా అమ్మగలిగినవాళ్లు అమ్మకంలో వాటా అడుగుతారు, ముందస్తు ఫీజు అడగరు.

అంకె ఎవరు వేస్తారు

ఒప్పందం రెండు రకాలు. హక్కును పూర్తిగా రాసిచ్చేయడం ఒకటి, హక్కు ఉంచుకుని వాడుకోనివ్వడం, అంటే లైసెన్స్, రెండోది. ఒకేసారి వచ్చే మొత్తం చూస్తే ఎవరికైనా ఆశ కలుగుతుంది. అప్పులున్న ఇంట్లో అది తప్పు కూడా కాదు. కానీ ఆ మొత్తాన్ని లెక్కించేది తయారీదారు, లెక్కకు కావలసిన సమాచారమంతా ఆ పక్కే ఉంది. అమ్మకాలు ఎన్నో తెలియనప్పుడు అమ్మకాలతో పాటు నడిచే రాయల్టీయే ఆవిష్కర్తను కాపాడుతుంది. తయారీదారు నిజంగానే అమ్ముడుపోదని నమ్మితే, ఒక్కోదానికింత అనడానికి అభ్యంతరం ఉండకూడదు. ‘ఇంతకు మించి ఇవ్వం’ అని పరిమితి పెట్టమంటున్నారంటే, ఆ పరిమితి దాటుతుందని వాళ్ల అంచనా అన్నమాట. రాబర్ట్స్ కాగితంలో 10,000 డాలర్ల గీత చెప్పినది అదే. ఆ గీత కొట్టేసి ఉంటే అదే 2 సెంట్ల మీద, 1.9 కోట్ల పానాలకు అతనికి 3.8 లక్షల డాలర్లు వచ్చేవి. కోర్టు, లాయర్లు, ఇరవై ఏళ్లు ఏమీ లేకుండా.

మన రూపాయల్లో ఊహిద్దాం. ఫ్యాక్టరీ ధర రూ.400 ఉన్న వస్తువు, 3 శాతం రాయల్టీ. ఒక్కోదానికి రూ.12. ఏడాదికి 10,000 అమ్ముడైతే రూ.1.2 లక్షలు. వినడానికి చిన్నగా ఉంటుంది. లక్ష అమ్ముడైతే రూ.12 లక్షలు, అది ఏటా. ఇప్పుడు ఎదుటివాళ్లు ‘మొత్తానికి 5 లక్షలు తీసుకోండి’ అంటే ఏ అంచనా మీద అంటున్నారో అడిగే వీలు చిక్కుతుంది. 3 శాతం దేని మీద అన్నది కూడా రాసుకోవాలి. ఎమ్మార్పీ మీదా, డీలరుకు వేసే ఇన్‌వాయిస్ మీదా, ‘ఖర్చులు పోను’ మిగిలినదాని మీదా? ఖర్చులు పోను అన్న మాట కాగితంలో ఉంటే ఖర్చులు పెరుగుతూనే ఉంటాయి. జీఎస్టీ తీసేసిన ఇన్‌వాయిస్ విలువ మీద అని రాసి, ఏడాదికోసారి లెక్కల పుస్తకాలు చూసే హక్కు కూడా అడగడం న్యాయమే.

తర్వాతి ప్రమాదం అటక. కొన్న కంపెనీ వస్తువు తయారుచేయకుండా మూలన పడేయవచ్చు, పాత సరుకు అమ్మకాలు దెబ్బతినకుండా. ఇది ఊహ కాదు. బ్రిటన్ ఆవిష్కర్త జేమ్స్ డైసన్ సంచి లేని వాక్యూమ్ క్లీనర్‌తో పెద్ద కంపెనీలన్నింటి చుట్టూ తిరిగితే ఎవరూ తీసుకోలేదు. 1980ల మధ్యలో జపాన్ కంపెనీకి లైసెన్స్ ఇచ్చి, ఆ డబ్బు ఊతంతో 1993లో బ్రిటన్‌లో సొంతంగా మొదలుపెట్టాడు. ఆ టెక్నాలజీని కొని అటక మీద పెట్టి ఉండాల్సిందని వాక్యూమ్ క్లీనర్ల కంపెనీ హూవర్ ఉన్నతాధికారి ఒకరు తర్వాత టీవీలో బాహాటంగానే అన్నారు. లైసెన్సులో ఏడాదికి కనీస రాయల్టీ ఇంత, ఇన్ని నెలల్లో మార్కెట్లోకి రాకపోతే హక్కు వెనక్కి, అన్న రెండు షరతులు ఉంటే అటక ప్రమాదం తప్పుతుంది. ఇదే డైసన్ అంతకుముందు బాల్‌బ్యారో అనే తోటపని బండి పేటెంట్‌ను తన కంపెనీ పేరున రాసిచ్చాడు. 1979లో వాటాదారులు అతన్ని బయటికి పంపినప్పుడు పేటెంట్ కంపెనీ దగ్గరే ఉండిపోయింది. స్నేహితులతో ప్రైవేట్ లిమిటెడ్ పెట్టి, అందులోకి పేటెంట్ తోసేసేవాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి. కంపెనీకి లైసెన్స్ ఇస్తే చాలు, రాసిచ్చేయనక్కర్లేదు.

మెరుగుదలల సంగతి కూడా ముందే తేల్చుకోవాలి. తయారీదారు ఇంజినీరు రేపు బటన్‌ను ఇంకా బాగా మార్చవచ్చు. ఆ మార్పు పూర్తిగా తనకే రాసివ్వాలని ఆవిష్కర్త లైసెన్సులో షరతు పెట్టలేడు, సెక్షన్ 140 ఒప్పుకోదు. పేటెంట్ చెల్లుబాటును సవాలు చేయకూడదన్న షరతూ పెట్టలేడు. మెరుగుపరచిన రూపానికి కూడా ఇదే రాయల్టీ వర్తిస్తుంది, పాత క్లెయిము అందులో వాడినంత కాలం, అని రాసుకోవచ్చు.

పేటెంట్ అయిపోయాక? స్టీఫెన్ కింబల్ స్పైడర్‌మాన్‌లా అరచేతి నుంచి నురగ దారం చిమ్మే బొమ్మ కనిపెట్టాడు. 1990లో, స్పైడర్‌మాన్ హక్కులున్న మార్వెల్‌కు ముందున్న కంపెనీ అధ్యక్షుడిని కలిసి చూపించాడు. వాడుకుంటే డబ్బిస్తామని నోటిమాట. బొమ్మ బజారులోకి వచ్చింది, డబ్బు రాలేదు, 1997లో కేసు. 2001లో రాజీ: దాదాపు 5 లక్షల డాలర్లు, ఆపైన అమ్మకాల మీద 3 శాతం. గడువు ఏదీ రాసుకోలేదు. పేటెంట్ 2010లో ముగిసింది, ఆ తర్వాతి రాయల్టీ చెల్లదని 2015లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. మన చట్టంలో సెక్షన్ 141 ఉంది. పేటెంట్ గడువు తీరాక లైసెన్స్ తీసుకున్నవాళ్లు మూడు నెలల నోటీసుతో ఒప్పందం నుంచి తప్పుకోవచ్చు, కాగితంలో ఏం రాసుకున్నా సరే. పరీక్ష, అభ్యంతరాలు, జవాబులలోనే ఆ 20 ఏళ్లలో కొన్ని పోతాయి. అందుకే మొదటి ఏళ్ల వాటా ఎక్కువ ఉండేలా అడగాలి. ట్రేడ్‌మార్కు, డ్రాయింగులు, తయారీ కిటుకులు ఉంటే వాటికి విడిగా ధర కట్టి రాసుకుంటే ఆ భాగం పేటెంట్ గడువుతో ముడిపడదు.

ఇవన్నీ నోటిమాటగా ఉంటే పనికిరావు. లైసెన్స్ అయినా హక్కు బదిలీ అయినా షరతులన్నీ ఉన్న రాతపత్రంగా, సంతకాలతో ఉంటేనే చెల్లుతుందని సెక్షన్ 68 అంటుంది. ఆ పత్రాన్ని ఫారం 16తో పేటెంట్ కార్యాలయంలో నమోదు చేయించాలి. నమోదు కాని పత్రాన్ని హక్కుకు రుజువుగా కోర్టు మామూలుగా స్వీకరించదు. నమోదు చేయించే బాధ్యత, ఏటా కట్టే రుసుము, ఎవరైనా కాపీ కొడితే కేసు వేసే ఖర్చు ఎవరివో అదే పత్రంలో రాసుకోవాలి. రుసుము ‘కంపెనీ వాళ్లే కడుతున్నారులే’ అనుకుని ఊరుకుంటే, కట్టలేదని తెలిసేసరికి పేటెంట్ రద్దయి ఉండవచ్చు. కార్యాలయం వెబ్‌సైట్‌లో దరఖాస్తు నంబరు కొడితే ఏ ఏడాది రుసుము ఎప్పటివరకు చెల్లిందో కనిపిస్తుంది. ఏడాదికోసారి ఆ పేజీ తెరిచి చూసుకోవడం ఆవిష్కర్త సొంత పని.